విండోస్ 11 ఇప్పుడే వద్దనుకునేవారు ఇంటి కంప్యూటర్‌లో దాన్ని ఆపడం ఎలా?

అల్లిపురం_అక్షరం
నేను అల్లిపురంలో ఇంటి ముందు గదిలోనే కంపోజింగ్ పని చేసుకుంటున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, గుళ్ళ రసీదు పుస్తకాలు నా పని. అన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7.0 ప్రోగ్రామ్‌లో, యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కాని పాత తెలుగు ఫాంట్లతో చేసినవే. పన్నెండేళ్ళ ఫైళ్ళు ఈ ఒక్క కంప్యూటర్‌లో ఉన్నాయి. ఇందులో విండోస్ 10 నడుస్తోంది. ఈ పది రోజుల్లో రెండుసార్లు, కంప్యూటర్ వేయగానే తెర నిండా ఒక పేజీ వచ్చి విండోస్ 11కు మారమని అడిగింది. ఒప్పుకునే బటన్ పెద్దదిగా రంగులో ఉంది. ఉన్నదే ఉంచుకుంటాననే మాట పక్కన చిన్న అక్షరాల్లో ఉంది. నేనైతే చదివి వద్దంటాను. కానీ పదో తరగతి చదివే మా అమ్మాయి కూడా ఇదే కంప్యూటర్ వాడుతుంది. ఏదో ఒక రోజు తొందరలో ఆ పెద్ద బటన్ నొక్కేస్తుందని నా భయం.

ఈ భయం ఊరికే రాలేదు. 2016లో నేను మరొకరి ప్రెస్సులో పనిచేసేటప్పుడు, విండోస్ 7 ఉన్న కంప్యూటర్‌ను యజమాని గారి అబ్బాయి తెలియక రాత్రికి రాత్రి 10కు మార్చాడు. మర్నాడు పొద్దున ఒక శుభలేఖకు అచ్చు కోసం పల్చటి కాగితం మీద ట్రేసింగ్ తీసి వెలుతురుకు ఎత్తి చూస్తే, 'శ్రీరస్తు'లో సకారం కింద ఉండవలసిన తవత్తు జరిగి పక్క అక్షరం కిందికి చేరింది. ఆ సాయంత్రానికి పెళ్ళివారికి ఐదు వందల కార్డులు ఇవ్వాలి. ఫాంట్ల ప్రోగ్రామ్ మళ్ళీ వేసి, ప్రతి పంక్తినీ చూసి సరిచేసి ఇచ్చేసరికి రాత్రి పదకొండయింది.

విండోస్ 11 మంచిదా కాదా అని నేను అడగడం లేదు. మారే రోజును నేను నిర్ణయించుకోవాలి, ముహూర్తాలు లేని నెలలో తీరిగ్గా మారాలి. అలాగని భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు ఆగిపోకూడదు. ఈ రెండూ ఒకేసారి సాధ్యమేనా?

మద్దిలపాలెం_మరమ్మతు
సాధ్యమే. అయితే ముందు రెండు సంగతులు చెప్పండి. స్టార్ట్ దగ్గర 'విన్‌వర్' అని టైపు చేసి ఎంటర్ నొక్కితే ఒక చిన్న పెట్టె వస్తుంది, అందులో వెర్షన్ ఏమని ఉంది? ఎడిషన్ హోమా, ప్రోనా?

అల్లిపురం_అక్షరం
హోమ్ ఎడిషన్ అని, వెర్షన్ 22హెచ్2 అని ఉంది. కంప్యూటర్ కొని ఆరేళ్ళు దాటింది.

గాజువాక_గోపి
ఇంత ఆలోచన అవసరం లేదు. సర్వీసెస్‌లోకి వెళ్ళి విండోస్ అప్‌డేట్ అనే సర్వీసును డిజేబుల్ చేసేయండి. నేను మూడేళ్ళ క్రితం చేశాను, ఆ తర్వాత ఏ పేజీ రాలేదు, ఏ ఇబ్బందీ కలగలేదు.

ఉక్కునగరం_ఉదయ్
గోపి గారు చెప్పిన పని దయచేసి ఎవరూ చేయకండి. అప్‌గ్రేడ్ వేరు, అప్‌డేట్ వేరు. ఒక విండోస్ నుంచి మరో విండోస్‌కు మారడం అప్‌గ్రేడ్. ఉన్న విండోస్‌లో బయటపడిన కంతలను పూడ్చేవి భద్రతా అప్‌డేట్లు. సర్వీసునే ఆపేస్తే రెండూ ఆగిపోతాయి.

2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా వ్యాపించింది. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, బిట్‌కాయిన్లలో డబ్బు కడితేనే విప్పుతామంది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ వైరస్ దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. వేసుకున్నవారి ఇళ్ళలో ఆ కంత మూసుకుపోయింది, అప్‌డేట్లు ఆపేసుకున్నవారి ఇళ్ళలో తెరుచుకునే ఉంది. అక్షరం గారి పన్నెండేళ్ళ ఫైళ్ళకు విండోస్ 11 కన్నా అలాంటి వైరస్ వల్ల కలిగే ప్రమాదమే ఎక్కువ.

మరో మాట. ఆ సర్వీసును ఆపినా అది ఆగి ఉంటుందన్న నమ్మకం లేదు. విండోస్‌లో అప్‌డేట్ మెడిక్ సర్వీస్ అని ఒకటి ఉంది, దెబ్బతిన్న అప్‌డేట్ భాగాలను తిరిగి నిలబెట్టడమే దాని పని.

గాజువాక_గోపి
వైరస్ విషయం ఒప్పుకుంటున్నాను, నేను అంత దూరం ఆలోచించలేదు. కానీ విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది కదా. సర్వీసు ఆపినా ఆపకపోయినా అప్‌డేట్లు రానప్పుడు తేడా ఏముంది?

మద్దిలపాలెం_మరమ్మతు
చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. మామూలు మద్దతు ఆ తేదీతో ముగిసిన మాట నిజమే. ఇళ్ళలో వాడే కంప్యూటర్ల కోసం ఈఎస్‌యూ అనే పొడిగింపు పథకం పెట్టారు, అందులో చేరితే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. చేరడానికి వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి, అక్షరం గారిది అదే. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే చేరమనే లింకు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కావాలి. సెట్టింగులను విండోస్ బ్యాకప్ ద్వారా ఆ ఖాతాకు సింక్ చేయడానికి ఒప్పుకుంటే డబ్బు కట్టనవసరం లేదు. అది ఇష్టం లేకపోతే 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్ పాయింట్లు గానీ, 30 డాలర్లకు సమానమైన స్థానిక ధర గానీ ఇవ్వాలి. ఒక ఖాతా కింద పది కంప్యూటర్ల వరకు చేర్చుకోవచ్చు, కాబట్టి ఇంట్లో రెండో కంప్యూటర్ ఉంటే దానికి విడిగా కట్టే పని లేదు.

అందువల్ల గోపి గారూ, మీరు సర్వీసును తిరిగి నడిపించి, అప్‌డేట్లన్నీ వేసుకుని, ఇందులో చేరండి. మూడేళ్ళ అప్‌డేట్లు కాబట్టి ఒక పూటంతా పట్టవచ్చు.

ఇక అప్‌గ్రేడ్‌ను ఆపే పద్ధతి. ఈ కంప్యూటర్ ఫలానా విండోస్‌లో, ఫలానా వెర్షన్‌లోనే ఉండాలని, విండోస్ తన సెట్టింగులను దాచుకునే రిజిస్ట్రీలో రాసి పెట్టవచ్చు. లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, దాని కింద పాలసీస్, తర్వాత మైక్రోసాఫ్ట్, విండోస్, చివరికి విండోస్‌అప్‌డేట్ అనే ఫోల్డర్. అందులో మూడు విలువలు ఉండాలి. 'టార్గెట్ రిలీజ్ వెర్షన్' అనేదానికి 1, 'టార్గెట్ రిలీజ్ వెర్షన్ ఇన్ఫో' అనేదానికి 22హెచ్2, 'ప్రొడక్ట్ వెర్షన్' అనేదానికి విండోస్ 10. మూడోది మరిచిపోతే మీరు కోరింది 10లో 22హెచ్2యా, 11లో 22హెచ్2యా అన్నది స్పష్టం కాదు, ఎందుకంటే రెండింటిలోనూ ఆ పేరుతో వెర్షన్ ఉంది. ప్రో ఎడిషన్ వాళ్ళు రిజిస్ట్రీ ముట్టుకోకుండా గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో ఇదే పని చేయవచ్చు. హోమ్‌లో ఆ ఎడిటర్ ఉండదు.

రిజిస్ట్రీని చేత్తో మార్చడం అలవాటు లేనివాళ్ళు ఆ జోలికి పోవద్దు. స్టీవ్ గిబ్సన్ తయారుచేసిన 'ఇన్‌కంట్రోల్' అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది, అది ఇవే విలువలను రాస్తుంది. ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు, తెరిచి ఒక బటన్ నొక్కితే చాలు. మారాలనుకున్న రోజున దాన్నే తెరిచి రెండో బటన్ నొక్కితే అడ్డు తొలగిపోతుంది. ఆయన సొంత సైట్ నుంచే తెచ్చుకోండి, అదే పేరుతో వేరేచోట దొరికేవాటిని నమ్మకండి.

డాబాగార్డెన్స్_దాసు
గిబ్సన్ 2016లో చేసిన, విండోస్ 10కు మారకుండా ఆపే 'నెవర్10' నాకు బాగా గుర్తుంది. 2015 జూలై 29న విండోస్ 10 వచ్చినప్పుడు, విండోస్ 7, 8.1 వాడేవారికి ఏడాది పాటు ఉచితంగా ఇస్తామన్నారు. ఆ ఏడాదంతా గడియారం పక్కన చిన్న తెల్లటి విండోస్ గుర్తు కూర్చుని పిలుస్తూనే ఉండేది. 2016 మేలో అయితే మారమని అడిగే పెట్టెను మూలనున్న ఇంటూ గుర్తుతో మూసినా, అప్‌గ్రేడ్‌కు పెట్టిన ముహూర్తం అలాగే నిలిచి ఉండేది. మూసేశాం కాబట్టి వద్దన్నట్టే అని జనం అనుకున్నారు. విమర్శలు గట్టిగా వచ్చాక జూన్ చివర్లో కంపెనీ ఆ పెట్టెను మార్చి, వద్దనడానికి విడిగా చోటిచ్చింది. కాలిఫోర్నియాలో ఒక ట్రావెల్ ఏజెన్సీ యజమానురాలు, తన ఆఫీసు కంప్యూటర్ అడగకుండా మారి పాడయిందని కోర్టుకు వెళ్ళి 10,000 డాలర్ల పరిహారం పొందింది కూడా.

ఇది పాత కథ కోసం చెప్పడం లేదు. ఇప్పటి పేజీని కూడా మూయకండి. చివరి వరకు చదివి, ఉన్నదే ఉంచుకుంటానన్న మాటను వెతికి నొక్కండి.

సీతమ్మధార_సరళ
అంతకన్నా తేలిక పద్ధతి ఒకటుంది. నెట్‌వర్క్ సెట్టింగుల్లో మీ కనెక్షన్‌ను మీటర్డ్ కనెక్షన్‌గా, అంటే డేటాకు పరిమితి ఉన్నదిగా పెట్టండి. నేను ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేస్తాను, డేటా అయిపోకుండా ఉండాలని అలా పెట్టుకున్నాను. పెద్ద డౌన్‌లోడ్లేవీ వాటంతట అవి మొదలుకావు.

ఉక్కునగరం_ఉదయ్
సరళ గారు చెప్పింది డేటా ఆదాకు మంచి ఉపాయమే. అక్షరం గారి సమస్యకు మాత్రం సరిపోదు. మీటర్డ్‌గా పెడితే భద్రతా అప్‌డేట్లలో ఎక్కువ భాగం కూడా మనం నొక్కేదాకా ఆగిపోతాయి. పైగా వాళ్ళ అమ్మాయి ఆ బటన్ నొక్కితే దాన్ని ఇది అడ్డుకోదు. అప్‌డేట్లను పాజ్ చేయడం కూడా ఇలాంటిదే. 35 రోజులు దాటాక, ఆగినవన్నీ వేసుకుంటే తప్ప మళ్ళీ పాజ్ చేయనివ్వదు.

సీతమ్మధార_సరళ
నిజమే. నేను నెలకోసారి చేత్తో వేసుకుంటున్నాను కాబట్టి నాకు ఇబ్బంది రాలేదు. మరిచిపోయేవారికి ఇది పనికిరాదు.

కంచరపాలెం_కిరణ్
కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే బయోస్ సెట్టింగుల్లో టీపీఎం అనే భద్రతా చిప్‌ను ఆపేయండి. టీపీఎం 2.0 లేకపోతే కంప్యూటర్ విండోస్ 11కు అర్హత కోల్పోతుంది, ఇక ఆ పేజీయే రాదు. ఒక్క నిమిషం పని.

వన్‌టౌన్_వాణి
కిరణ్ గారూ, ఆ ఒక్క నిమిషం పనికి మా చెల్లెలు రెండు రోజులు ఏడ్చింది. తన ల్యాప్‌టాప్‌లో డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేనిదే చదవలేనట్టు తాళం పడి ఉందని మాకెవరికీ తెలియదు. కొన్నప్పుడే అలా వచ్చింది. ఆ తాళం చెవి ఉండేది టీపీఎంలోనే. ఎవరో చెప్పారని బయోస్‌లో టీపీఎం ఆపి తిరిగి వేయగానే నీలం తెర వచ్చి, 48 అంకెల రికవరీ కీ ఇవ్వమంది. అందులో తన ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఉంది. ఆ కీ తన మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుందని తెలిసింది గానీ, ఆ ఖాతా పాస్‌వర్డ్ తిరిగి తెచ్చుకోవడానికి ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో మార్చేసింది. చివరికి బయోస్‌లో టీపీఎంను మళ్ళీ ఆన్ చేస్తే తెరుచుకుంది. దాన్ని ఆపడమే గాక చెరిపేసి ఉంటే ఆ దారి కూడా ఉండేది కాదు.

బయోస్ ముట్టుకునే ముందు, ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో చూసి, ఉంటే ఆ 48 అంకెలను కాగితం మీద రాసి ఇనప్పెట్టెలో పెట్టుకోండి.

కంచరపాలెం_కిరణ్
నా డెస్క్‌టాప్‌లో ఎన్‌క్రిప్షన్ లేదు కాబట్టి నాకు ఆ సంగతి తట్టలేదు. వాణి గారి మాట వినండి, నా సలహా వెనక్కు తీసుకుంటున్నాను.

పూర్ణామార్కెట్_పద్దులు
మా నాన్న గారి కిరాణా హోల్‌సేల్ లెక్కలు ఇప్పటికీ డాస్‌లో రాసిన ప్రోగ్రామ్‌లోనే నడుస్తున్నాయి. నల్ల తెర మీద పచ్చ అక్షరాలు, పక్కన డాట్ మేట్రిక్స్ ప్రింటర్, రెండు రంధ్రాల వరసలున్న మడత కాగితం. ఆయన మౌస్ ముట్టుకోరు. బేరగాడు బస్తా దింపేలోపు బిల్లు చిరిగి చేతిలో ఉంటుంది. ఇదంతా 32 బిట్ విండోస్ 10 మీద సాగుతోంది. ఇలాంటి 16 బిట్ ప్రోగ్రాములు 32 బిట్ విండోస్‌లోనే నడుస్తాయి. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. అందుకే మా కంప్యూటర్‌కు ఆ పిలుపు ఒక్కసారి కూడా రాలేదు. మా సమస్య వేరు, ఈ కంప్యూటర్ పోతే ఏం చేయాలన్నదే. దాన్ని ఇంటర్నెట్ నుంచి పూర్తిగా తీసేసి, రోజూ రాత్రి కొట్టు కట్టే ముందు డేటాను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నాను.

అక్షరం గారికి కూడా నా సలహా ఇదే. మీ అమ్మాయి చదువుకు పాతదైనా సరే ఒక చిన్న ల్యాప్‌టాప్ వేరుగా తీసుకోండి. కంపోజింగ్ కంప్యూటర్‌కు నెట్ తీగ పీకేయండి.

అల్లిపురం_అక్షరం
పద్దులు గారూ, ఆ ఆలోచన నాకూ ఉంది. కానీ ప్రూఫులు ఇప్పుడు వాట్సాప్‌లోనే పంపాలి. పెళ్ళివారు రాత్రి పదింటికి పేరు మార్చమంటారు, అప్పటికప్పుడు పీడీఎఫ్ చేసి పంపాలి. నెట్ లేకుండా నా పని గడవదు.

మధురవాడ_మాధవి
అందరూ ఆపడం గురించే చెబుతున్నారు. మారడానికి కూడా సిద్ధం కావాలి కదా. ఈఎస్‌యూ గడువు కూడా శాశ్వతం కాదు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, దాని తర్వాత మరో పెద్ద వెర్షన్ రాలేదు, కంపెనీ ఇన్‌డిజైన్ వైపు వెళ్ళిపోయింది. అది నడుస్తున్నంత కాలం నడుస్తుంది. మీరు తరచుగా వాడే శుభలేఖల నమూనాలనైనా యూనికోడ్‌లోకి తెచ్చుకోవడం ఇప్పుడే మొదలుపెట్టండి.

అల్లిపురం_అక్షరం
మీరు చెప్పింది సబబే. నేను మారనని అనడం లేదు. ఒక పాత ఫైలును యూనికోడ్‌లోకి మార్చి చూశాను, 'క్ష'లు, 'జ్ఞ'లు ఉన్నచోటల్లా చేత్తో సరిచేయవలసి వచ్చింది. ఒక్క శుభలేఖకు గంటన్నర పట్టింది. ఆ పనికి సమయం కావాలి, ఆ సమయం కోసమే ఈ ప్రశ్న అడిగాను.

పెందుర్తి_ప్రసాద్
మా ఇంట్లో నొక్కడం అయిపోయింది. మొన్న శనివారం మా అబ్బాయి ఆ బటన్ నొక్కాడు, ఇప్పుడు విండోస్ 11 ఉంది. మా పాత స్కానర్ పలకడం లేదు. వెనక్కు వెళ్ళే దారి ఉందా?

మద్దిలపాలెం_మరమ్మతు
ఉంది, కానీ గడువు పది రోజులే. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలోకి వెళితే గో బ్యాక్ అనే బటన్ ఉంటుంది. మీ ఫైళ్ళు ఉంటాయి, మారాక కొత్తగా వేసిన ప్రోగ్రాములు పోతాయి. అయినా ముఖ్యమైనవన్నీ ముందు మరో డిస్క్‌లోకి తీసుకోండి. సీ డ్రైవ్‌లో విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్ ఉంటుంది, పాత విండోస్ అందులోనే ఉంది. చోటు కోసమని ఎవరైనా దాన్ని డిస్క్ క్లీనప్‌తో తుడిచేస్తే ఆ బటన్ ఇక పనిచేయదు. ఇంకా తేల్చుకోలేకపోతే, ఆ పది రోజుల్లోపే అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్మ్ ఆదేశంతో గడువును 60 రోజుల వరకు పెంచుకోవచ్చు.

పెందుర్తి_ప్రసాద్
ఈ రోజుతో ఆరు రోజులైంది. ఇప్పుడే మొదలుపెడతాను.

ఉక్కునగరం_ఉదయ్
ప్రసాద్ గారూ, కరెంటు సంగతి చూసుకుని మొదలుపెట్టండి. హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటు పోయివచ్చిన రోజుల్లో నా పాత కంప్యూటర్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోయింది. తెర మీద 62 శాతం దగ్గర చుక్కలు తిరుగుతున్నాయి, యూపీఎస్ కీచుకీచుమని అరుస్తోంది, బ్యాటరీ నాలుగు నిమిషాలు కూడా నిలవలేదు. ఆ తర్వాత అది తెరుచుకోలేదు. యూపీఎస్ బ్యాటరీ పాతదైతే ముందు దాన్ని మార్చండి.

ఏయూ_విద్యార్థి
లైనక్స్ వేసుకుంటే ఈ బాధ ఉండదు. ఉబుంటు అనే లైనక్స్‌లో దీర్ఘకాల మద్దతు ఉండే ఎల్‌టీఎస్ రకానికి ఐదేళ్ళ భద్రతా అప్‌డేట్లు వస్తాయి. కొత్త విడుదల గురించి అడగవద్దని ఒక సెట్టింగులో చెబితే అడగదు.

మద్దిలపాలెం_మరమ్మతు
అమ్మాయి చదువుకు విడిగా కంప్యూటర్ కొంటే దానికి ఇది చక్కటి సలహా. పేజ్‌మేకర్ పనికి మాత్రం కుదరదు.

డాబాగార్డెన్స్_దాసు
ఇన్‌కంట్రోల్ గురించి ఒక సందేహం. ఆ పాలసీలు ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లకే అని మైక్రోసాఫ్ట్ పత్రాల్లో ఉంది. పైగా గడువు తీరిన వెర్షన్‌ను అందులో రాసి ఉంచితే, తీరిన 60 రోజుల తర్వాత కంప్యూటర్ దానంతట అది అప్‌డేట్ అవుతుందని కూడా చదివాను. అక్షరం గారిది హోమ్ ఎడిషన్ కదా, దీని మీద ఎంతవరకు ఆధారపడవచ్చు?

మద్దిలపాలెం_మరమ్మతు
మంచి ప్రశ్న. నా బల్ల మీదకు వచ్చిన హోమ్ ఎడిషన్ కంప్యూటర్లలో ఇది పనిచేయడం చూశాను, మా ఇంటి కంప్యూటర్‌లో ఇప్పటికీ పనిచేస్తోంది. కానీ రాతపూర్వకమైన హామీ లేని మాట నిజం. అందుకే దీన్ని తలుపు గడియలా చూడండి, గడియ వేశాక కూడా బీరువాకు తాళం వేస్తాం కదా. నెలకోసారి డిస్క్ మొత్తానికి నకలు తీసి, ఆ డిస్క్‌ను కంప్యూటర్ నుంచి విడదీసి పెట్టుకోవాలి. ఆ నకలు ఉంటే అమ్మాయి నొక్కినా, వైరస్ వచ్చినా, హార్డ్ డిస్క్ పోయినా మీ ఫైళ్ళు ఉంటాయి.

సీతమ్మధార_సరళ
ఇప్పటికే విండోస్ 11 ఉన్న మా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కూడా పెద్ద అప్‌డేట్లు వస్తుంటాయి. వాటికీ ఇదే పద్ధతా?

మద్దిలపాలెం_మరమ్మతు
అవును, ప్రొడక్ట్ వెర్షన్ దగ్గర విండోస్ 11 అని ఉండాలి. కానీ అక్కడ ఎక్కువ కాలం ఆపవద్దు. హోమ్, ప్రో ఎడిషన్లలో ఒక్కో వెర్షన్‌కు రెండేళ్ళే మద్దతు ఉంటుంది. 23హెచ్2కు 2025 నవంబరు 11తో ముగిసింది, 24హెచ్2కు 2026 అక్టోబరు 13తో ముగుస్తుంది. అది ఆఫీసువారి ల్యాప్‌టాప్ అయితే వారిని అడగకుండా ముట్టుకోకండి.

పెందుర్తి_ప్రసాద్
పాత విండోస్ 10 తిరిగి వచ్చింది. నలభై నిమిషాలు పట్టింది. స్కానర్ పలుకుతోంది. మరమ్మతు గారికి, కరెంటు గురించి హెచ్చరించిన ఉదయ్ గారికి కృతజ్ఞతలు.

అల్లిపురం_అక్షరం
ఈ ఆదివారం అన్నీ ఒకటొకటిగా చేశాను. ముందు ఒక టెరాబైట్ బయటి డిస్క్ తెచ్చి మొత్తం నకలు తీశాను, మూడు గంటలు పట్టింది. వాణి గారు చెప్పినట్టు ఎన్‌క్రిప్షన్ ఉందేమోనని చూస్తే లేదు. మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి ఈఎస్‌యూలో చేరాను, డబ్బు కట్టవలసిన అవసరం రాలేదు. తర్వాత ఇన్‌కంట్రోల్ నొక్కాను. ఇప్పుడు అప్‌డేట్ పేజీలో, కొన్ని సెట్టింగులను మీ సంస్థ నిర్వహిస్తోందని ఎర్ర అక్షరాల్లో కనిపిస్తోంది. నాకు ఏ సంస్థా లేదు. కంగారు పడాలా?

మద్దిలపాలెం_మరమ్మతు
అక్కర్లేదు. పాలసీ అమల్లో ఉందని చెప్పడానికే ఆ వాక్యం వస్తుంది. అది కనిపించకుండా పోయిన రోజున మాత్రం ఇన్‌కంట్రోల్ తెరిచి ఒకసారి చూడండి.

అల్లిపురం_అక్షరం
సరే. మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేజీ ఎలా ఉంటుందో కాగితం మీద గీసి చూపించాను. ఏ బటన్ ఎక్కడ ఉంటుందో తనే గుర్తుపెట్టి, ఆ కాగితాన్ని మానిటర్ కింద అంటించింది. రేపు పొద్దున మొదటి శుభలేఖకు ట్రేసింగ్ తీస్తాను, తవత్తు దాని చోటనే ఉందో లేదో చూసి ఇక్కడ రాస్తాను.

అల్లిపురం_అక్షరం
ఉంది.